ఫాంటసీ సినిమా వచ్చేలోపు చేసుకోవాల్సిన పనులు

ఎప్పుడూ చూడని లోకాన్ని చూపించే ఫాంటసీ సినిమా రాబోతోందంటే నాకు కాలు నిలవదు. నేను బొమ్మలు వేస్తాను. అందుకే కథ కన్నా ముందు ఆ లోకంలో వెలుతురు ఏ రంగులో ఉందోనని చూస్తాను. మీరూ అలా ఎదురుచూసేవాళ్లయితే ఇలా చేసి చూడండి.

టీజర్‌ని ఫోన్‌లో చూడకండి. లైట్లు ఆర్పేసి, ఇంట్లో ఉన్నవాటిలో పెద్ద స్క్రీన్ మీద పెట్టండి. ఒకసారి మామూలుగా చూశాక, సౌండ్ తీసేసి మళ్లీ చూడండి. టీజర్‌లో హోరెత్తించే సంగీతం చాలాసార్లు ప్రచారం కోసం విడిగా చేయించింది. అది లేకపోతే బొమ్మలో నిజంగా ఎంత సత్తా ఉందో తెలిసిపోతుంది. సెకనుకి 24 ఫ్రేములు ఉంటాయి కదా, నచ్చిన చోట ఆపండి. నీడలు ఎటు పడుతున్నాయి? ఆ జంతువు అడుగు వేస్తే నేల అణుగుతోందా? నేనైతే ఆ ఫ్రేమ్‌ని పెన్సిల్‌తో గీసి, దాని అంచు అవతల ఏముంటుందో ఊహించి అదీ గీస్తాను. గీయడం రాకపోతే రెండు వాక్యాలు రాసుకోండి. గ్రాఫిక్స్ కాస్త ముతకగా కనిపిస్తే దిగులు వద్దు. టీజర్ వచ్చేనాటికి చాలా షాట్ల మీద పని ఇంకా నడుస్తూనే ఉంటుంది.

అక్కడితో ఆపేయండి. విడుదల ముందు వచ్చే ట్రైలర్ అసలే వద్దు. థియేటర్‌లో నోరెళ్లబెట్టి చూడాల్సినవన్నీ అందులోనే పెట్టేస్తుంటారు.

ఇక స్క్రీన్ ఎంపిక. చాలా పెద్ద సినిమాల ఫ్రేమ్ 2.39:1, అంటే ఎత్తుకి 2.39 రెట్ల వెడల్పు. ఐమాక్స్ కోసం తీసిన దృశ్యాలు డిజిటల్ తెర మీద 1.90:1, అతి పెద్ద తెరల మీద 1.43:1 దాకా వెళ్తాయి, అంటే బొమ్మ ఎత్తు పెరుగుతుంది. ఎగిరే జీవులున్న సినిమాకి ఆ ఎత్తు ఎంతో ముఖ్యం. కానీ సినిమా అంతా 2.39లోనే ఉంటే ఐమాక్స్‌లోనూ ఆ ఎత్తు రాదు, అందుకని బుక్ చేసేముందే కనుక్కోండి.

త్రీడీ దగ్గర మాత్రం బాగా ఆలోచించండి. టూడీలో తెర వెలుతురుకి ప్రమాణం 14 ఫుట్-లాంబర్ట్‌లు (తెర వెలుగుని కొలిచే యూనిట్). త్రీడీలో కళ్లద్దాల వెనక నుంచి చూస్తే 4.5 దగ్గరో, అంతకన్నా తక్కువో ఉంటుంది. రంగులే ప్రాణమైన సినిమాని అంత మసక వెలుతురులో చూడటం నాకు ఇష్టం ఉండదు. త్రీడీ కెమెరాలతోనే తీసిందైతే సరే, లేదంటే టూడీకే వెళ్తాను.

సీటు మధ్య వరుసల కన్నా కొంచెం వెనక, తెరకి నడిమధ్యన తీసుకోండి. సినిమా అయ్యాక వెంటనే లేవకండి. ఆ లోకాన్ని కాగితం మీద మొదట ఊహించిన కాన్సెప్ట్ ఆర్టిస్టుల పేర్లు చివర్లోనే పడతాయి. ఒకటి రెండు రాసుకుంటే తర్వాత వాళ్ల స్కెచ్‌లు వెతికి చూడొచ్చు.