జర్మన్ ఇంటిపేరు మూలం వెతకాలంటే ముందు ఊరు పట్టుకోండి

మా ఇంటిపేరు మజ్జి. ఒడిశా కొండల్లోని జయపురంలో మా నాన్న చదువుకున్న బడి రిజిస్టరులో ఎవరో దాన్ని మాఝి అని రాసేశారు. ఒడిశాలో మాఝి అంటే పూర్తిగా వేరే వాళ్లు. అది సరిచేయించడానికి ఆయన రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. అప్పటి నుంచి ఎవరు ఏ ఇంటిపేరుకు అర్థం అడిగినా, ముందు ఆ పేరు ఏ ఊళ్లో రాశారో చెప్పమంటాను. పోయినేడు ముత్తాత పనిచేసిన చోటు చూద్దామని జర్మనీ నుంచి వచ్చిన ఒకావిడకీ అదే చెప్పాను.

మా కొండలకు జర్మన్ పేర్లు కొత్త కాదు. 1882లో ఉత్తర జర్మనీలోని బ్రెక్లుమ్ అనే ఊరి లూథరన్ క్రైస్తవ మిషన్ పంపిన ఎర్న్‌స్ట్ పోల్, హెర్మన్ బోత్‌మన్ ఇటు వచ్చారు. ఆ పోల్ అనే పేరునే తీసుకోండి. ఉత్తర జర్మనీ యాసలో పోల్ అంటే మడుగు, కాబట్టి మడుగు పక్కన ఇల్లున్నవాళ్లు కావచ్చు. ఇప్పుడు ఎక్కువభాగం పోలండులో ఉన్న సిలేసియా వైపైతే పోలండు మనిషి అని. కొన్నిచోట్ల పౌలు పేరే అలా మారింది. ఊరు తెలియకుండా ఈ మూడింట్లో ఏదీ తేలదు.

ష్మిత్ కమ్మరి, వేబర్ నేతగాడు, షుల్జ్ మన మునసబు లాంటివాడు. ఇవి తేలిక. డెన్మార్క్ సరిహద్దు దగ్గరి ష్లెస్విగ్ ప్రాంతంలో మాత్రం జాగ్రత్త. యెన్స్ కొడుకు పీటర్ యెన్సెన్, ఆ పీటర్ కొడుకు పీటర్సెన్. తరం మారితే పేరు మారేది. 1771లో అక్కడ ఇంటిపేరు స్థిరంగా ఉండాలని ఆజ్ఞ వచ్చాకే ఇది నెమ్మదిగా ఆగింది. పశ్చిమ జర్మనీలోని వెస్ట్‌ఫాలియాలో ఇల్లరికం వెళ్లిన అల్లుడు అత్తారి పొలం పేరు పెట్టుకునేవాడు. ఇది నాకు ఎంత నచ్చిందో! ఇంటిపేరంటే అక్కడ నిజంగా ఇంటి పేరే. అలాంటప్పుడు తండ్రి వైపే వెతుకుతూ పోతే దారి తప్పుతారు.

వెతకడం ఇప్పటి నుంచి వెనక్కి మొదలుపెట్టండి. తాత పుట్టిన సర్టిఫికెట్, పెళ్లి కాగితం, సమాధి మీది రాత, ఏది దొరికితే అది. ప్రభుత్వ జనన రిజిస్టర్లు అప్పటి పెద్ద జర్మన్ రాజ్యం ప్రష్యాలో 1874 అక్టోబరులో, జర్మనీ అంతటా 1876 జనవరిలో మొదలయ్యాయి. అంతకు ముందువి ఎక్కువగా చర్చి పుస్తకాల్లో ఉంటాయి. ప్రొటెస్టెంట్ చర్చివి చాలా ఆర్కియోన్ అనే వెబ్‌సైటులో డబ్బు కట్టి చూడొచ్చు. మేయర్, మైయర్ అని ఒకే కుటుంబాన్ని రెండు రకాలుగా రాసి ఉంటారు, అన్నీ వెతకండి. వంశచిహ్నం అంటూ ఫ్రేము కట్టి అమ్మేవి కొనొద్దు. ఆవిడ ఒకటి కొనుక్కుని వచ్చింది. ఆ చిహ్నం ఒక కుటుంబానిది, ఆ పేరున్న అందరిదీ కాదు.

అసలు టెన్షన్ కుర్రెంట్ అనే పాత చేతిరాతతో. అందులో e అక్షరం అచ్చం n లా కనిపిస్తుంది. u మీద చిన్న కొక్కెం ఉంటేనే దానికీ n కీ తేడా తెలుస్తుంది. అక్షరాల పట్టిక ముందు పెట్టుకుని, మీకు తెలిసిన పేర్లు ఓ వారం ఆ రాతలో రాయండి. మా వంటింటి బల్ల మీద నేను మజ్జి అని, ఆవిడ తన ముత్తాత పేరు, పేజీలకు పేజీలు నింపాం. రిజిస్టరు తెరిచింది ఆ తర్వాతే.