దార్ఫూర్ కోసం ఇక్కడ కూర్చుని చేయగలిగిన పనులు

సూడాన్ పశ్చిమాన ఉన్న దార్ఫూర్‌లో ఎల్ ఫాషెర్ నగరాన్ని ఐదువందల రోజులకు పైగా ముట్టడించిన ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే సాయుధ దళం 2025 అక్టోబరు 26న దానిని వశం చేసుకుంది. ముట్టడి చివరి నెలల్లో అక్కడి కుటుంబాలు అంబాజ్ తిని ప్రాణాలు నిలుపుకున్నాయి. అంబాజ్ అంటే నూనె తీయగా మిగిలే వేరుశనగ చెక్క. మన ఊళ్లలో నానబెట్టి పాడి గేదెలకు పెట్టేది. హైదరాబాద్ టోలీచౌకిలో ఉండే ఒక సూడాన్ విద్యార్థి ఈ సంగతి చెప్పి, “మీరేం చేయగలరు?” అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత చదివీ, అడిగీ తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు పదాన్ని సరిగా వాడడం నేర్చుకోవాలి. ఊచకోత వేరు, జాతి నిర్మూలన వేరు. ఒక జాతి, తెగ, వర్ణం లేదా మతానికి చెందిన సమూహాన్ని పూర్తిగా గాని పాక్షికంగా గాని నాశనం చేయాలన్న ఉద్దేశం రుజువైతేనే 1948 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ప్రకారం అది జాతి నిర్మూలన అవుతుంది. 2023లో దార్ఫూర్‌లోనే ఉన్న ఎల్ జెనైనా పట్టణంలో ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ మసాలీత్ తెగవారిని వెతికి చంపిన తీరు ఆ ఉద్దేశాన్ని సూచిస్తోందని పలువురు పరిశోధకులు చెప్పారు. 2025 జనవరి 7న అమెరికా ప్రభుత్వం ఆ దళం జాతి నిర్మూలనకు పాల్పడిందని ప్రకటించింది. కనుక మీరు రాసే ఏ ఉత్తరంలోనైనా ఆ మాట ఎవరు, ఎప్పుడు అన్నారో చెప్పి మరీ వాడండి. ఆవేశంతో వాడిన పదాన్ని అధికారి ఒక్క వాక్యంతో కొట్టిపారేయగలడు.

ఆ ఒడంబడికను భారతదేశం 1959లో ధ్రువీకరించింది. జాతి నిర్మూలన జరిగే తీవ్రమైన ప్రమాదం ఉందని తెలిసిన క్షణం నుంచే, తనకున్న పలుకుబడి మేరకు దాన్ని నివారించే బాధ్యత ప్రతి సభ్యదేశానికీ ఉంటుందని అంతర్జాతీయ న్యాయస్థానం 2007లో బోస్నియా కేసులో తేల్చింది. అయితే తన అనుమతి లేకుండా తనను ఆ న్యాయస్థానానికి ఈడ్చకూడదని మన దేశం 9వ అధికరణంపై మినహాయింపు పెట్టుకుంది. ఐక్య అరబ్ ఎమిరేట్స్ కూడా ఆ అధికరణానికి కట్టుబడబోనని మినహాయింపు తీసుకుంది. ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్‌కు ఎమిరేట్స్ ఆయుధాలు అందిస్తోందంటూ సూడాన్ వేసిన కేసు 2025 మే నెలలో అసలు విచారణ దాకా రాకుండానే ఆగిపోవడానికి కారణం అదే. ఆ ఆరోపణను ఎమిరేట్స్ ఖండిస్తూనే ఉంది. కోర్టు దారి ఇలా మూసుకున్నప్పుడు సామాన్యుడికి మిగిలేది చట్టసభ దారి.

ఇంతకుముందు ఇదే దార్ఫూర్ కోసం 2004 తర్వాత అమెరికాలో విద్యార్థులు, ప్రార్థనా మందిరాలు, సాధారణ గృహస్థులు పెద్ద ఉద్యమమే నడిపారు. సూడాన్ చమురులో పెట్టుబడి ఉన్న కంపెనీల వాటాలు అమ్మేయాలని తమ విశ్వవిద్యాలయాలపై ఒత్తిడి తెచ్చారు. 2005లో హార్వర్డ్ పెట్రోచైనా వాటాలు అమ్మింది. వారి జాబితాలో మన ఓఎన్‌జీసీ కూడా ఉండేదని ఇక్కడ చాలామందికి తెలియదు. 2007లో శాంతి దళం మంజూరైంది. కానీ హత్యలు పరాకాష్ఠలో ఉన్నది 2003, 2004 సంవత్సరాల్లో; జనం కదిలేసరికి ఊళ్లు తగలబడిపోయాయి. 2020 చివరికి శాంతి దళం గడువు ముగిసేనాటికి దార్ఫూర్ పేరు పత్రికల్లో దాదాపు కనబడడం లేదు. ఈ రెండు పొరపాట్లనూ దృష్టిలో పెట్టుకుంటే, ఒక్క ప్రాంతాన్నే ఎంచుకుని ఏళ్ల తరబడి వదలకపోవడం మేలని నా అభిప్రాయం. ఆన్‌లైన్ సంతకాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు.

ఇక అసలు పని. ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ నాయకుడు దగలో 2017లో ఉత్తర దార్ఫూర్‌లోని జెబెల్ ఆమెర్ బంగారు గనులను చేజిక్కించుకున్నాడు. సూడాన్ బంగారంలో అధిక భాగం, కొంత అధికారికంగా, కొంత దొంగచాటుగా, దుబాయికి చేరుతుంది. మనం ఎమిరేట్స్ నుంచి బంగారం కొంటాం. 2022 మే నుంచి అమల్లో ఉన్న వాణిజ్య ఒప్పందం కింద కొంత పరిమాణానికి సుంకంలో రాయితీ కూడా ఇస్తున్నాం. పెళ్లికి గాజులు కొనేటప్పుడు మనం వెతికే హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతను చెబుతుంది గాని, అది ఏ గనిలో పుట్టిందో చెప్పదు. కొట్టులో అడిగి చూడండి. వింతగా చూస్తారు, తప్పు లేదు, వారికీ తెలియదు. తెలియాల్సినది ప్రభుత్వానికి.

కాబట్టి మీ లోక్‌సభ సభ్యునికి ఉత్తరం రాయండి. దానిలో సానుభూతి అడగకండి, సభలో వేయదగిన ప్రశ్నను సిద్ధంగా రాసి ఇవ్వండి. దీనికి నియమాలున్నాయి: ప్రశ్న సాధారణంగా 150 పదాలు దాటకూడదు, అభిప్రాయం అడగకూడదు, అందుబాటులో ఉన్న ప్రచురణల్లో దొరికే సమాచారం కోరకూడదు, మిత్రదేశాన్ని అమర్యాదగా ప్రస్తావించకూడదు. ఎంత బంగారం వచ్చిందన్నది వాణిజ్య మంత్రిత్వ శాఖ గణాంకాల్లో 7108 అనే కోడ్ కింద దేశాలవారీగా మీకే దొరుకుతుంది. దాన్ని ఉత్తరానికి జతచేయండి, ప్రశ్నలో పెట్టకండి. ప్రశ్న ఇలా ఉండవచ్చు:

“(ఎ) ఐక్య అరబ్ ఎమిరేట్స్ నుంచి దిగుమతి అవుతున్న బంగారాన్ని తొలుత ఏ దేశపు గనుల నుంచి తీశారో నిర్ధారించే విధానం ఏదైనా ఉన్నదా, (బి) ఉంటే దాని వివరాలు, (సి) లేకపోతే, యుద్ధ ప్రాంతాల నుంచి వచ్చే బంగారాన్ని వేరుచేయడానికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?”

దీనిలో దార్ఫూర్ పేరు గాని, జాతి నిర్మూలన అన్న మాట గాని లేవు. ఉంటే తిరస్కరించడానికి సాకు దొరుకుతుంది. ప్రశ్నకు 15 రోజుల ముందస్తు నోటీసు అవసరం కనుక సమావేశాలకు నెల ముందే సభ్యుని పి.ఏ. చేతికి అందేలా చూడండి. ఏ ప్రశ్న సభకు వస్తుందన్నది లాటరీలో తేలుతుంది. అందుచేత ఇద్దరు ముగ్గురు సభ్యులను పట్టుకోవాలి. నక్షత్ర గుర్తు లేని ప్రశ్న చాలు, దానికి లిఖితపూర్వక జవాబు వస్తుంది. జవాబు డొల్లగా ఉంటే ఆ డొల్లతనాన్నే పట్టుకుని తర్వాతి సమావేశాలకు రెండో ప్రశ్న తయారుచేయండి.

బ్రిటన్‌లో చదువుతున్న, పనిచేస్తున్న తెలుగువారి చేతిలో ఇంతకన్నా బలమైన సాధనం ఉంది. అక్కడ నివసించే భారత పౌరులు కామన్వెల్త్ పౌరులుగా పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. నమోదు చేసుకుంటే చాలు. భద్రతా మండలిలో సూడాన్‌పై తీర్మానాల ముసాయిదా రాసే బాధ్యత ప్రధానంగా బ్రిటన్‌దే. ఓటరుగా మీరు రాసే ఉత్తరం ఆ ముసాయిదా రాసే ప్రభుత్వానికే చేరుతుందన్నమాట.

డబ్బు పంపాలనుకుంటే సూడాన్‌లో ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్ పేరుతో స్థానిక యువకులు నడుపుతున్న వంటశాలలకు చేరే మార్గం చూడండి. పెద్ద సంస్థలు వెళ్లలేని చోట వండిపెడుతున్నది వారే. భారతదేశం నుంచి నేరుగా విదేశీ సంస్థకు పంపితే బ్యాంకులో ఫారాలు నింపాలి, ఆదాయపు పన్నులో విరాళాలకిచ్చే మినహాయింపు రాదు.

వీడియోల విషయంలో గట్టిగా చెప్పాల్సి ఉంది. ఎల్ ఫాషెర్‌లో చంపినవారే తమ చేతలను చిత్రీకరించుకున్నారు. వాటిని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం వల్ల మృతుల కుటుంబాలకు జరిగే మేలేమీ లేదు. పైగా వాటితో కలిసి పాత చిత్రాలు, కృత్రిమంగా తయారైనవి కూడా తిరిగాయి. అసలుదని తోచిన దాన్ని చూసినట్లయితే లింకు, ఖాతా పేరు, చూసిన తేదీ, సమయం రాసుకుని, కత్తిరించకుండా భద్రపరచి, సాక్ష్యాలు సేకరించే సంస్థలకు పంపండి. దార్ఫూర్‌పై అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు 2005 నుంచీ అధికారం ఉంది. 2003, 2004లలో చేసిన నేరాలకు జంజవీద్ అనే సాయుధ ముఠాల నాయకుడు అలీ కుషైబ్ దోషి అని ఆ కోర్టు తేల్చింది 2025 అక్టోబరులో. ఆ ఇరవై ఏళ్లూ ఎవరో ఒకరు కాగితాలు జాగ్రత్తగా దాచారు.

టోలీచౌకి విద్యార్థికి నా ప్రశ్న నకలు చూపించాను. ఆయన చదివి, (సి) భాగంలో ‘యుద్ధ ప్రాంతాలు’ అన్న చోట ‘ఐక్యరాజ్యసమితి ఆయుధ నిషేధం ఉన్న ప్రాంతాలు’ అని మార్చమన్నాడు. దార్ఫూర్‌పై ఆ నిషేధం 2004 నుంచి ఉంది. ఆ మాట నా మాటకన్నా తప్పించుకోవడానికి కష్టమైనది. మీరు రాసేటప్పుడు అలాగే రాయండి.