ముత్యపుచిప్ప పిడి ఉన్న పాత కత్తులు, ఫోర్కులు: అసలువేనా, ఎంత చేస్తాయి

పెర్ల్ హ్యాండిల్ అని అందరం అనేస్తాం గానీ అందులో ముత్యం ఏమీ ఉండదండీ, ముత్యపుచిప్ప లోపలివైపు మెరిసే పొర ఉంటుంది కదా, దాన్ని కోసి సానపట్టి చేసిన పిడి అది, మదర్ ఆఫ్ పెర్ల్ అంటే అదే. 19వ శతాబ్దంలోనూ 20వ శతాబ్దం మొదట్లోనూ ఇంగ్లండ్‌లో షెఫీల్డ్, బర్మింగ్‌హామ్ ఊళ్ళల్లో ఇవి బాగా తయారయ్యేవి, ఎక్కువగా పళ్ళు కోసుకు తినే చిన్న కత్తి, ఫోర్కు జతలు. అప్పటి ఉక్కుకి పండు పులుపు తగిలితే బ్లేడు నల్లబడేది, పండుకి ఇనుము రుచి పట్టేది, అందుకే వెండి బ్లేడో, వెండి పూత బ్లేడో పెట్టేవాళ్ళు. స్టెయిన్‌లెస్ స్టీల్ వచ్చిందే 1913లో, కాబట్టి బ్లేడు మీద స్టెయిన్‌లెస్ అని ఉంటే అది విక్టోరియా రాణి కాలం నాటిదని ఎవరు చెప్పినా నమ్మకండి.

మొదట పిడి చూడండి, వెండి సంగతి తర్వాత. కిటికీ దగ్గర పగటి వెలుతుర్లో పట్టుకుని మెల్లగా తిప్పండి, అసలు చిప్ప అయితే గులాబీ, ఆకుపచ్చ ఛాయలు కదులుతూ ఉంటాయి, ఇప్పుడు తెల్లగా మెరిసిన చోటే కాస్త వంచితే బూడిదరంగులోకి పోతుంది. ప్లాస్టిక్, సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్ లాంటిది) నకళ్ళలో మెరుపు పైపైనే ఉంటుంది, అటూ ఇటూ సుడులు తిరిగినట్టు. చెంపకి ఆనించండి, చిప్ప చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ ఇట్టే వెచ్చబడిపోతుంది. భూతద్దంలో ఉల్లిపొరల్లాంటి సన్నటి గీతలు కనిపించాలి, అంచు పొడవునా అచ్చు గీత కనిపిస్తే మాత్రం అది పోత పోసింది. ఇంకోటి, డజను పిడులు పక్కపక్కన పెట్టి చూడండి, అసలువైతే ఏ రెండూ ఒకేలా ఉండవు. కాల్చిన సూది గుచ్చి చూడమని కొందరు చెప్తారు, దయచేసి ఆ పని చెయ్యకండి, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది.

ఇక ముద్రలు. ఇంగ్లీషు వెండి అయితే నడుస్తున్న సింహం గుర్తు ఉంటుంది, అంటే 92.5 శాతం వెండి. పక్కన కిరీటం ఉంటే షెఫీల్డ్ (1974 వరకు అదే గుర్తు), లంగరు ఉంటే బర్మింగ్‌హామ్, రాజుదో రాణిదో తల కూడా ఉంటే సాధారణంగా 1890కి ముందుది. ఒక అక్షరం ఉంటుంది, అది ఏ సంవత్సరమో చెప్తుంది, కానీ అవే అక్షరాలు రూపు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి ఆ ఊరి పట్టికతో పోల్చి చూడాల్సిందే. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే: ఇ, పి, ఎన్, ఎస్ అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఒక్కోటీ ఒక్కో చిన్న గడిలో వంకర్లు తిప్పి కొట్టి ఉంటాయి, చూడ్డానికి అచ్చం హాల్‌మార్కే, కానీ అది నికెల్ సిల్వర్ (పేరులో సిల్వర్ ఉన్నా రాగి, నికెల్, జింకు కలిపిన లోహం) మీద వెండి పూత అని అర్థం, అందులో పూత తప్ప వెండి లేదు.

రెండో ఉచ్చు అమెరికన్ కత్తులది. బ్లేడుకీ పిడికీ మధ్య పొన్ను ఉంటుంది చూడండి, రోకలి చివర పొన్నులాగే, దాని మీద స్టెర్లింగ్ (అంటే అదే 92.5 శాతం వెండి) అని రాసి ఉంటుంది, అది చూసి కత్తంతా వెండే అనుకుంటారు, నిజానికి చాలావాటిలో ఆ పొన్ను ఒక్కటే వెండి, బ్లేడు పూత పూసిన ఉక్కు. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే వెండి కాదు, సందేహమే లేదు. అంటుకోకపోతే మాత్రం వెండే అనుకోవద్దు, నికెల్ సిల్వర్‌కీ అంటుకోదు, అప్పుడు బ్లేడు అంచుల్లో పూత అరిగి పసుపు రంగు బయటపడిందేమో చూడాలి.

విలువ దగ్గరికొస్తే తూకం లెక్క ఇక్కడ పనికిరాదు, పిడి బరువు కలిసిపోతుంది, బ్లేడేమో పల్చటిది. ధర అంతా పిడి మీదే ఉంటుందని నా గట్టి నమ్మకం. పగుళ్ళు, బ్లేడు దిగే చోట పిడి పెచ్చులు ఊడటం, పాలిపోయి సున్నంలా అవ్వటం, ఇవి ఉంటే సెట్టు ధర బాగా పడిపోతుంది ఎందుకంటే అలాంటి చిప్ప పిడే మళ్ళీ జతకి దొరకటం కష్టం. పన్నెండు జతలు, అన్నింటి మీదా ఒకే అక్షరం, ఒకే తయారీదారు ముద్ర, అసలు చెక్కపెట్టె, పిడి మీద చెక్కుడు పని, ఇవన్నీ ధర పెంచేవి. నేను చూసిన ఒక పెట్టెలో పది కత్తులకి ఒక అక్షరం, రెండింటికి వేరే అక్షరం, అంటే పోయినవాటి బదులు తర్వాత తెచ్చి పెట్టారన్నమాట, పెట్టె మూత తీసి పైపైన చూస్తే అస్సలు తెలీదు.

ధర చూసేటప్పుడు అమ్మేవాళ్ళు అడిగే రేటు కాదు, వేలంలో నిజంగా అమ్ముడుపోయిన రేటు చూడండి, అదీ మీ దగ్గరున్నలాంటి బ్లేడు, అన్నే జతలు ఉన్న సెట్టుతోనే పోల్చండి.

చూపించే ముందు తళతళలాడాలని వేడినీళ్ళలో నానబెట్టొద్దు, బ్లేడు తోకని పిడిలో పట్టి ఉంచే లక్క మెత్తబడి ఊడొస్తుంది, నా చేతిలోనే ఒకటి అలా ఊడింది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. వెనిగర్, నిమ్మకాయ అసలే వద్దు, చిప్ప అంటే సున్నపు పదార్థమే కదా, పులుపు దాని మెరుపు తినేస్తుంది. తడిగుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో ఒత్తితే చాలు.