రబ్బరుతో ఉష్ణయంత్రం – మూడవ పాఠం: వేడితో బరువును ఎత్తడం

వెడల్పాటి రబ్బరు బ్యాండును ఒక్కసారిగా సాగదీసి పెదవికి ఆనిస్తే వెచ్చగా తగులుతుందనీ, కాసేపు అలాగే పట్టి ఉంచి వదిలేస్తే చల్లబడుతుందనీ గత పాఠాలలో స్వయంగా పరీక్షించి చూశాం. ఇంగ్లండులోని కెండల్ పట్టణవాసి జాన్ గాఫ్ ఈ సంగతిని 1805లో ప్రచురించాడు. ఆయనకు చూపు లేదు. పెదవి స్పర్శే ఆయన థర్మామీటరు. బరువు వేలాడుతున్న రబ్బరును వేడి చేస్తే అది సాగకుండా ముడుచుకుంటుందని కూడా ఆయనే గమనించగా, జేమ్స్ జౌల్ 1859లో కొలతలతో దానిని నిర్ధారించాడు. ఆ ముడుచుకోవడం చేత పని చేయించడమే నేటి పాఠం.

కారణం ముందు చెప్పుకుందాం. వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేసే ఇళ్ళలో మగ్గం మీద బిగించిన పడుగును, పక్కనే కుప్పగా పడి ఉన్న నూలును చూసినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. పడుగు పోగులు తిన్నగా ఉండే తీరు ఒక్కటే. కుప్పలో నూలు చిక్కుపడే తీరులు లెక్కలేనన్ని. రబ్బరులోని పొడవైన అణు గొలుసులు కూడా సాగదీసినప్పుడు పడుగులా ఒక దిశకు వస్తాయి, వదిలితే కుప్పలా మారతాయి. అయితే నూలు తనంతట తాను కదలదు, అణు గొలుసులు వేడి వల్ల నిరంతరం కదులుతూనే ఉంటాయి. వేడి పెరిగిన కొద్దీ ఆ కదలిక పెరిగి, కుప్పగా మారాలనే లాగుడు బలపడుతుంది. నిడివి మారకుండా పట్టి ఉంచితే ఈ లాగుడు దాదాపుగా కెల్విన్ ఉష్ణోగ్రతకు అనులోమంగా ఉంటుంది కనుక, 30 డిగ్రీల సెల్సియస్ (303 కెల్విన్) నుండి 80 డిగ్రీలకు (353 కెల్విన్) తీసుకువెళితే సుమారు 16 శాతం పెరుగుతుంది.

ఇప్పుడు అమరిక. సుమారు 10 సెంటీమీటర్ల పొడవు, ఒక గ్రాము బరువు ఉన్న సహజ రబ్బరు బ్యాండు తీసుకోండి. పిల్లలు గులేరుకు కోసుకునే సైకిల్ ట్యూబు ముక్క వద్దు. నేటి ట్యూబులు చాలావరకు బ్యూటైల్ రబ్బరువి, వాటి స్పందన మందంగా ఉంటుంది. బ్యాండును చేతితో పది పన్నెండు సార్లు బాగా సాగదీసి, బట్టల దుకాణంలో తాను చుట్టే అట్టగొట్టం లోపల గోడలకు తగలకుండా వేలాడదీసి, కింది కొసకు నీళ్ళు నింపిన లీటరు సీసాను కట్టండి. బ్యాండు దాదాపు మూడింతలు సాగాలి. తెగిన బ్యాండు కంటికి తగిలే ప్రమాదం ఉంది కాబట్టి కళ్ళద్దాలు తప్పనిసరి. వేలాడదీసిన అరగంట వరకు సీసా కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది. అది నిలిచాకే గోడమీద గీత పెట్టండి. నేను మొదటిసారి ఈ ఓపిక పట్టక, రబ్బరు మెల్లగా జారడాన్ని వేడి ప్రభావమనుకుని ఒక సాయంత్రమంతా తప్పుడు అంకెలు రాసుకున్నాను.

గొట్టంలోకి కింది నుండి హెయిర్ డ్రయ్యర్‌తో వేడిగాలి పంపండి. 80 డిగ్రీలు దాటనివ్వకండి. సీసా పైకి లేస్తుంది. నీళ్ళు నిండిన సీసాను సన్నని రబ్బరు తనంతట తాను ఎత్తడం కళ్ళారా చూస్తే కలిగే ఆనందం పుస్తకంలో దొరకదు. సీసా బదులు చిన్న బరువు కట్టి, బ్యాండు పది శాతానికి లోపే సాగేలా చేసి వేడి చేస్తే మాత్రం అది ఇతర పదార్థాల లాగానే వ్యాకోచించి కొద్దిగా కిందికి దిగుతుంది. అందుచేత బాగా సాగదీయడం ఈ యంత్రానికి ప్రాణం.

సీసా 2 సెంటీమీటర్లు లేచిందనుకుందాం. చేసిన పని 1 × 9.8 × 0.02, అంటే దాదాపు 0.2 జౌళ్ళు. కానీ ఇది యంత్రం చేసిన పని కాదు. చల్లబడితే సీసా తిరిగి దిగుతుంది, సంపాదించినదంతా పోతుంది. మిగులు కావాలంటే పైన ఉన్నప్పుడే సీసాలోంచి 100 గ్రాముల నీళ్ళు తీసి పక్కన పెట్టి, తేలికైన సీసాతో బ్యాండును చల్లార్చి, కింద మళ్ళీ 100 గ్రాములు పోయాలి. ఒక్కో ఆవృత్తికి 100 గ్రాముల నీరు 2 సెంటీమీటర్లు పైకి చేరుతుంది: 0.02 జౌళ్ళు. వేడి లాగుడుకూ చల్లని లాగుడుకూ ఉన్న తేడాయే మనకు దక్కేది. మే నెలలో హన్మకొండ మిద్దె గదిలో గాలే 42 డిగ్రీలు ఉంటుంది కనుక తేడా తగ్గుతుంది; ఈ ప్రయోగం తెల్లవారుజామున చేయడం మేలు.

గ్రాము రబ్బరును 50 డిగ్రీలు వేడెక్కించడానికే సుమారు 95 జౌళ్ళు పడుతుంది, కాబట్టి దక్షత, అంటే ఇచ్చిన వేడిలో పనిగా మారిన వంతు, 0.02 శాతం మాత్రమే. ఈ ఉష్ణోగ్రతల మధ్య ఏ యంత్రానికైనా గరిష్ఠ పరిమితి 14 శాతం. ఈ రెండు అంకెల మధ్య అగాధానికి ప్రధాన కారణం, రబ్బరును ప్రతిసారీ వేడెక్కించి చల్లార్చడమే. చల్లబడే బ్యాండు వదిలే వేడిని వేడెక్కే బ్యాండుకు అందించగలిగితే ఈ అగాధం కొంత పూడుతుంది.

నాలుగో పాఠంలో పాత సైకిల్ చక్రం ఆకులు తీసేసి వాటి స్థానంలో బ్యాండ్లు బిగిస్తాం. వేడి తగిలిన వైపు బ్యాండ్లు రిమ్మును ఇరుసుకు దగ్గరగా లాగడంతో రెండో వైపు బరువు ఎక్కువై చక్రం తిరుగుతుంది. అప్పటివరకు మీ సీసా ఎన్ని మిల్లీమీటర్లు లేచిందో, చల్లారాక తొలి గీతకు వచ్చిందో లేదో, కనీసం ఐదు ఆవృత్తులు నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. చక్రానికి బ్యాండ్లు ఎంచుకోవడానికి ఆ అంకెలే కావాలి.