ఇంట్లో దొంగలు పడితే ఫిర్యాదు ఎలా రాయాలి? చట్టం ఏం చూస్తుంది?

గుంటూరు కోర్టులో ఇరవై ఏళ్లుగా ప్లీడరు గుమాస్తాని. ఇంటి దొంగతనం ఫిర్యాదులు ఎన్ని దిద్దానో లెక్కలేదు. ‘మా ఇంట్లో దోపిడీ జరిగింది’ అంటూ మొదటి లైన్లోనే తప్పు రాసుకొస్తారు. మీరు ఊళ్లోనే లేనప్పుడు దోపిడీ ఏమిటండీ? కొట్టో, కత్తి చూపించి బెదిరించో లాక్కుంటే దోపిడీ. అదే పని ఐదుగురో అంతకంటే ఎక్కువమందో కలిసి చేస్తే బందిపోటు. తాళం వేసిన ఇంట్లో సొమ్ము పోతే అది దొంగతనం.

ముందు 112కి ఫోన్ చేయండి. క్లూస్ టీమ్ వచ్చి వేలిముద్రలు తీసేదాకా బీరువా ముట్టుకోవద్దు, ఇల్లు ఊడ్వద్దు. తెల్ల కాగితం, నల్ల ఇంకు పెన్ను చాలు. నీలం ఇంకు జిరాక్సులో వెలిసిపోతుంది, నేనైతే ఒప్పుకోను.

2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త నేరచట్టం భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. యూట్యూబులో ఇంకా 457, 380 అని పాత నంబర్లు వల్లించేవాళ్లను వదిలేయండి. మామూలు దొంగతనం సెక్షన్ 303, శిక్ష 3 ఏళ్ల వరకు. ఇంట్లో చేస్తే 305, 7 ఏళ్ల వరకు. దొంగతనం కోసం ఇల్లు పగలగొట్టి దూరితే 331: పగలైతే 10 ఏళ్ల వరకు, పొద్దుగూకాక తెల్లారేలోపైతే 14 ఏళ్ల వరకు. ఈ నంబర్లు మీరు ఫిర్యాదులో రాయకండి. సెక్షన్లు వేసుకోవడం పోలీసుల పని. మీరు రాయాల్సింది రెండే: ఎలా దూరాడు, ఎప్పుడు దూరాడు. అందరూ పాడుచేసేది సరిగ్గా ఇక్కడే.

పగలగొట్టడమంటే గునపంతో తలుపు విరగ్గొట్టడం ఒక్కటే కాదు. కన్నం వేసినా, గోడెక్కి దూకినా, కిటికీలోంచి వచ్చినా, మీరు పోగొట్టుకున్న తాళంచెవితో తీసినా చట్టానికి ఒకటే. మనిషంతా దూరక్కర్లేదు, కన్నంలోంచి చెయ్యి పెట్టినా చాలు. బ్రాడీపేటలో ఒకావిడ ఇంటి తాళంకప్ప చెక్కుచెదరలేదు. పూలకుండీ కింద దాచిన చెవి మాత్రం లేదు. ఆ సంగతి ఫిర్యాదులో రాయలేదేమమ్మా అంటే, ‘సిగ్గేసిందండీ’ అంది. కేసుకి ఆయువుపట్టే అది!

ఇక టైము. తెనాలిలో పెళ్లికి వెళ్లొచ్చిన ఒకాయన ‘రాత్రి 2 గంటలకు దొంగలు పడ్డారు’ అని రాసిచ్చాడు. కోర్టులో ఆయన్ను బోనెక్కించాక ఎదుటి ప్లీడరు, ‘2 గంటలకు మీరెక్కడున్నారు?’ అని అడిగాడు. ‘తెనాలిలోనండీ.’ ‘మరి మీకెలా తెలుసు?’ పెద్దాయన కండువాతో చెమట తుడుచుకుంటూ నిలబడిపోయాడు. ఊహించి రాయకండి. ‘శనివారం ఉదయం 9కి తాళం వేసి వెళ్లాం, సోమవారం ఉదయం 7కి వచ్చి చూస్తే గడియ ఊడి ఉంది’ అని రాయండి. ఆదివారం సాయంత్రం చీకటి పడ్డాక తాళం సరిగ్గానే ఉండటం పక్కింటివాళ్లు చూశారా? సోమవారం తెల్లారకముందే పాలబ్బాయి వచ్చి తలుపు తెరిచి ఉందన్నాడా? అవీ రాయండి. అప్పుడు పని జరిగింది రాత్రేనని తేలుతుంది. అంటే 10 ఏళ్లకీ 14 ఏళ్లకీ తేడా ఆ పాలబ్బాయి మాటలో ఉంది.

పోయిన వస్తువుల జాబితా గదుల వరసలో రాయండి, గుర్తొచ్చిన వరసలో కాదు. బంగారం కాసుల్లో వద్దు, గ్రాముల్లో రాయండి. టెన్షన్‌లో పది గ్రాములు ఎక్కువ రాసేసి, తర్వాత తగ్గిస్తే మిగతాదీ నమ్మరు.

మిగతాది తేలిక. ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు, మా పరిధి కాదనకూడదు. ఆన్‌లైన్లో పంపితే 3 రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి. కేసు కట్టకపోతే ఎస్పీకి, విజయవాడలో అయితే పోలీస్ కమిషనర్‌కి పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి.

సొమ్ము దొరికాక కోర్టు నుంచి విడిపించుకోవాలంటే అది మీదేనని చూపించాలి. బిల్లులు నగలపెట్టెలోనే పెట్టేవాళ్లు ఎక్కువ, పెట్టెతోపాటు అవీ పోతాయి. షాపులో డూప్లికేటు అడగండి, లేదంటే ఆ గొలుసు మెళ్లో వేసుకున్న పెళ్లి ఫొటో వెతికి పట్టుకురండి.