నెలలు నిండకముందే గొర్రెలు ఈసుకుపోతుంటే ఏం చేయాలి

కాపరులు ఫోన్ చేసి మొదట అడిగేది "మేడం, ఏ సూది వెయ్యమంటారు?" అని. నేను మొదట అడిగేది "మాయ (పిల్లతో పాటు బయటపడే పొర) ఎక్కడుంది?" అని. "కుక్కలకు వేసేశాం మేడం" అన్నారంటే సగం పని చెడిపోయినట్టే.

గొర్రె సుమారు 150 రోజులు చూడి మోస్తుంది. ఈనడానికి ఇంకా రెండు మూడు వారాలుందనగా, పొద్దున్నదాకా మంచిగా మేసి నెమరేసిన గొర్రె పిల్లను పడేసిందనుకోండి. ఆ పిల్ల బొచ్చంతా వచ్చి, కుళ్లు లేకుండా తాజాగా ఉందనుకోండి. ఒక్కటే అయితే ఏ పొట్టేలో కుమ్మిందనుకోవచ్చు. వారంలో మూడు నాలుగు అలాగే పోతే అది అంటురోగమే. దిష్టి తగిలిందని దొడ్డి గుమ్మానికి నిమ్మకాయలు కడతామంటే కట్టండి, నాకేం అభ్యంతరం లేదు. చేతులకు గ్లౌజులు మాత్రం తొడుక్కోండి.

అన్నిటికంటే ముందు, ఇంట్లో కడుపుతో ఉన్న ఆడవాళ్లను దొడ్డికి దూరం పెట్టండి. ఈ రోగానికి ముఖ్య కారణాల్లో ఒకటైన క్లమీడియా అబార్టస్ అనే బ్యాక్టీరియా మనుషులకూ సోకుతుంది. గర్భిణికి సోకితే కడుపు పోవచ్చు, ఆమె ప్రాణానికే ముప్పు రావచ్చు. దొడ్డికి వెళ్లకపోతే చాలదు. ఈత పనులు చేసి వచ్చిన మగవాళ్ల బట్టలు ఆమె ఉతకకూడదు, గొర్రెపిల్లలకు పాలు పట్టకూడదు. జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తే ఆసుపత్రిలో "మా మందలో గొర్రెలు ఈసుకుపోతున్నాయి" అని తప్పకుండా చెప్పాలి. మనం చెప్పకపోతే డాక్టరుకు ఆ ఆలోచనే రాదు.

ఇక మాయ సంగతి. మంచి మాయ పలచగా ఉంటుంది, దాని మీద అక్కడక్కడా ఎర్రటి గుండ్రటి ముద్దలుంటాయి. క్లమీడియా పట్టిన మాయలో ఆ ముద్దల మధ్య పొర తడిసిన తోలులా దళసరి అవుతుంది, పైన మురికి పసుపు రంగు జిగురు పేరుకుంటుంది. అయితే బ్రూసెల్లా అనే మరో బ్యాక్టీరియా పట్టినా ఇంచుమించు ఇలాగే ఉండొచ్చు. కంటితో చూసి రోగం పేరు చెప్పేవాళ్లను నమ్మకండి, నన్ను కూడా. ముద్దతో సహా మాయ ముక్కను శుభ్రమైన డబ్బాలో, పిల్లను రెండు పాలిథిన్ కవర్లలో కట్టి, ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు పశువైద్యశాలకు చేర్చండి. వాటి మీద ఫార్మాలిన్ పోయొద్దు, సూక్ష్మజీవి జన్యువును పట్టే పీసీఆర్ పరీక్ష చెడుతుంది. వెళ్లలేకపోతే 1962కి ఫోన్ చేయండి. మిగిలినదంతా లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చి, కుక్కలు తవ్వకుండా పైన ముళ్లకంప వేయండి. గొర్రె పడిన చోట గడ్డి కాల్చేసి బ్లీచింగ్ చల్లండి.

మాయ గురించి ఇంత పట్టుబట్టడానికి కారణముంది. ఈ క్లమీడియా సూక్ష్మజీవి బయట ఉన్నప్పుడు మిల్లీమీటరులో మూడు వేలో వంతుంటుంది, విభజన చెందదు. చల్లగా, తేమగా ఉంటే రోజుల తరబడి ఓపిక పడుతుంది. ఒక జీవకణంలో దూరిందా, అక్కడ ఒక బుడగలో ఉండి, రూపు మార్చుకుని, ఒకటి రెండై రెండు నాలుగై, రెండు మూడు రోజుల్లో వందలుగా బయటపడుతుంది. మాయలో, ఈత నీళ్లలో ఉండేవి అవే. అవి అంటిన మేతను నాకిన పడుచు గొర్రెకు అప్పటికి ఏమీ కాదు. రోగం లోపల నక్కి ఉండి, ఆ తర్వాతి చూడిలో మూడో నెల దాటాక మాయకు ఎక్కుతుంది. అంటే ఈ ఏడు పడేసిన గొర్రెకు చాలావరకు పోయిన ఈతకాలంలోనే అంటుకుంది. నిన్న వేసిన మేతను తిట్టుకుని లాభం లేదు.

దీని చుట్టాలు ఇప్పటికీ నీళ్లలో, మట్టిలో అమీబాల లోపల బతుకుతున్నాయి. వాడ్లియా అనే ఒక చుట్టాన్ని 1986లో అమెరికాలో ఈసుకుపోయిన దూడలో పట్టుకున్నారు. కోట్ల ఏళ్లుగా పరాయి కణం సొమ్ము తిని బతకడానికి అలవాటుపడ్డ వంశం కదా, సొంత జన్యువులు చాలా వదిలేసుకుంది. అమీబాలో ఉండే ఒక బంధువుకు జన్యుపటం 24 లక్షల అక్షరాలైతే, దీనికి 11 లక్షల పైచిలుకే.

లోపల దాక్కునే రకం కాబట్టే పెన్సిలిన్‌తో పని కాదు. ఆ మందు పడితే ఈ సూక్ష్మజీవి విభజన ఆపి వికారంగా ఉబ్బి కూర్చుంటుంది, మందు ఆగాక మళ్లీ మొదలుపెడుతుంది. ఇంకా ఈనని చూడి గొర్రెలకు ఎక్కువ కాలం పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్‌ను కిలో బరువుకు 20 మి.గ్రా. లెక్కన వేసి, అవసరమైతే రెండు వారాలకు మళ్లీ వేస్తాం. మోతాదు డాక్టరుతోనే తేల్చుకోండి, మెడికల్ షాపులో కాదు. దీంతో నష్టం తగ్గుతుంది గానీ, అప్పటికే పాడైన మాయ బాగుపడదు.

ఈసుకుపోయిన గొర్రెను వెంటనే సంతకు తోలేయడం మన దగ్గర అలవాటు. రోగాన్ని ఇంకో ఊరికి అమ్మినట్టే అది. రిపోర్టు వచ్చేదాకా వేరే దొడ్డిలో కట్టండి. బ్రూసెల్లా అని తేలితే దాన్ని మందలో ఉంచకూడదు. క్లమీడియా అయితే లెక్క వేరు. ఒకసారి పడేసిన గొర్రెకు సాధారణంగా ఇమ్యూనిటీ వస్తుంది, మళ్లీ పడేయడం అరుదు. దాన్ని అమ్మి రోగం చూడని కొత్త గొర్రెను తెస్తే వచ్చే ఏడు పడేసేది ఆ కొత్తదే.

ఇంకో మాట. పిల్ల పోయిన గొర్రెకు తల్లిలేని పిల్లను అలవాటు చేయడం మన కాపరులకు బాగా తెలిసిన విద్య. ఇలాంటప్పుడు పోతుపిల్లనైతే పెట్టండి, మాంసానికి పోతుంది. ఆడపిల్లను పెడితే మాత్రం దానికీ రోగం అంటుకోవచ్చు కాబట్టి దాన్ని మందలో తల్లి గొర్రెగా ఉంచుకోకండి. బయటినుంచి కొన్న చూడి గొర్రెల్ని ఈనేదాకా పాత మందలో కలపొద్దు, నీళ్ల తొట్టి కూడా వేరే పెట్టండి.