యాన్ సాన్రేదాం ముద్రణచిత్రం పాతదో కాదో చూడటం ఎలా

1607లో చనిపోయిన ఈ డచ్ చెక్కడపు కళాకారుడి 'ప్లేటో గుహ' (1604) చేతికొస్తే, ముందు పది రెట్లు పెంచే భూతద్దం పెట్టండి. రాగిరేకు మీద చెక్కిన గీత సన్నగా మొదలై, నడుమ లావెక్కి, సూదిమొనలా ముగుస్తుంది. ఎంత అందమైన గీతో! వరసగా చుక్కలు కనిపిస్తే అది ఆఫ్‌సెట్ కాపీ, అంటే ఈకాలపు యంత్రంతో అచ్చేసింది, వదిలేయండి.

తర్వాత కాగితాన్ని వెలుతురుకు పట్టండి. ఆనాటి చేతికాగితంలో దగ్గర దగ్గరగా సన్నగీతలు, వాటికి అడ్డంగా రెండుమూడు సెంటీమీటర్లకో గీత ఉంటాయి.

బొమ్మ మీద లాటిన్ మాటలతో అచ్చైన పేర్ల దగ్గరే చాలామంది పొరబడతారు. 'ఇన్వ్' అంటే బొమ్మ కల్పించినవారు, ఇక్కడ కార్నెలిస్ వాన్ హార్లెం. 'స్కల్ప్‌సిట్' అంటే చెక్కినవారు, అదే సాన్రేదాం. 'ఎక్స్‌కుడిట్' అంటే ప్రచురించినవారు.

రేకు అంచు నొక్కు, అంటే అచ్చేసేటప్పుడు రాగిరేకు అంచు కాగితం మీద వదిలే గుంట, లేదని కొట్టిపారేయకండి, పాత సేకర్తలు అంచులు కత్తిరించేవారు. గుహ చీకట్లో నలుపు వెలిసి బూడిదరంగుకు తిరిగితే మాత్రం, బహుశా అరిగిన రేకుతో ఆలస్యంగా తీసిన ప్రతి.